షిప్ ఎక్కేదెట్ల, లోపల తాగేదానికి ఎంతైతాది: మన సీమ నుంచి క్రూజ్‌కి పోయేవాళ్లకి

మా అనంతపురంలో ఈ మధ్య క్రూజ్ గురించి అడిగేవాళ్లు చానా ఎక్కువైనారు. పిల్లల సెలవులకి సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రుల షిప్పు, లేకుంటే ముంబై నుంచి గోవాకో లక్షద్వీప్‌కో పోయే మన కార్డీలియా కంపెనీ షిప్పు, ఎవరైనా మొదట అడిగేది టికెట్ ఎంతన్నా అనే. టికెట్ రేటు వెబ్‌సైట్లోనే కనపడతాది. ముందే తేల్చుకోవాల్సినవి వేరే రెండున్నాయి, ఎక్కే రోజు ఏ టైంకి యాడుండాల, ఎక్కినాక తాగేదానికి ఎంతైతాది అని. ఈ రెండూ తెలీకుండా పోతే ఒకదాంట్లో షిప్పే పోతాది, ఇంకోదాంట్లో టికెట్‌కి సమానంగా బిల్లు వస్తాది.

ముందు పేరు సంగతి. మనవాళ్లకి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటాది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటాది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటాది. బుకింగ్‌లో మాత్రం పాస్‌పోర్ట్‌లో ఎట్లుంటే అట్లే, అక్షరం పొల్లుపోకుండా కొట్టాల, ఏజెంట్‌కి వాట్సాప్‌లో పేర్లు టైప్ చేసి పంపకుండా పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీసి పంపండి, టికెట్ వచ్చినాక పక్కన పెట్టుకుని సరిచూడండి. ట్రిప్ అయిపోయే రోజు నుంచి ఇంకో ఆరు నెలలు పాస్‌పోర్ట్‌కి గడువుండాల. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే షిప్పు పెనాంగో ఫుకెటో పోయి మళ్లీ సింగపూర్‌కే వస్తాది, అది రెండోసారి ఎంటర్ అయినట్టు లెక్క. సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల లోపల ఎస్జీ అరైవల్ కార్డ్ అనే ఫారం ఆన్‌లైన్లో నింపాల, అది ఫ్రీ, దానికి డబ్బులడిగే సైట్లు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దండి. మన దేశం లోపలే తిరిగే షిప్పుకైతే ఆధార్ లాంటి ఒరిజినల్ ఐడీ చాలు, శ్రీలంక పోయేదైతే పాస్‌పోర్ట్ ఉండాల్సిందే.

ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే ఇది ఇప్పుడే చదవండి, 24 వారాలు దాటితే చానా కంపెనీలు ఎక్కించుకోవు, డాక్టర్ లెటర్ ఉన్నా ఒప్పుకోవు. చంటి పిల్లలకి మామూలుగా 6 నెలలు నిండుండాల, కొన్ని దూరం రూట్లకి 12 నెలలు.

ఇంక ప్రయాణం. షిప్పు బయల్దేరే రోజు పొద్దున దిగే ఫ్లైటు గానీ రైలు గానీ పెట్టుకోవద్దు, ఒక రోజు ముందే ఆ ఊర్లో ఉండాల. హోటల్‌కి ఒక రాత్రి అద్దె దండగ అనిపిస్తాది గానీ షిప్పు మనకోసం ఆగదు, డబ్బూ తిరిగిరాదు. అనంతపురం వాళ్లకి బెంగళూరు ఎయిర్‌పోర్ట్ సులభం, 44వ నంబర్ హైవేలో పోతే దేవనహళ్లి దాటినాక, బెంగళూరు ఊర్లోకి పోకముందే వస్తాది, కర్నూలు వాళ్లకి అదే రోడ్డు మీద అటుపక్క శంషాబాద్, అదీ హైదరాబాద్ ట్రాఫిక్ తగలకముందే. కడప వాళ్లు చెన్నై పోవచ్చు. ముంబై షిప్పైతే రైలే మేలు, ముంబై చెన్నై లైను మన గుంతకల్లు, తాడిపత్రి, కడప మీదనే పోతాది, కాకపోతే సెలవుల్లో టికెట్లు దొరికేది కష్టం, షిప్ బుక్ చేసిన రోజే రైలు సంగతీ చూసుకోండి.

ఆన్‌లైన్ చెక్-ఇన్ ఓపెన్ అయిన రోజే చేసేయండి. దాంట్లో ఫోటో, పాస్‌పోర్ట్, కార్డ్ వివరాలు పెడితే టెర్మినల్‌కి ఎన్ని గంటలకి రావాలో స్లాట్ ఇస్తారు, ముందు చేసినవాళ్లకి ముందు స్లాట్లు దొరుకుతాయి. ముందు స్లాట్ ఎందుకంటే మధ్యాన్నం భోజనం లోపల బఫేలో తినొచ్చు, అది మీ టికెట్లో ఉన్నదే. రూము కొంచెం లేటుగా ఇస్తారు గానీ అంతవరకు షిప్పంతా తిరగొచ్చు. చెక్-ఇన్ ఎన్నింటికి మూస్తారో టికెట్ మీదనే ఉంటాది, బయల్దేరే టైంకి గంట, గంటన్నర ముందే మూసే కంపెనీలు ఎక్కువ, కాబట్టి షిప్పు 5 గంటలకి అంటే 5 గంటలకి పోవచ్చులే అనుకోవద్దండి, అది విమానం లెక్కనే.

పెద్ద బ్యాగులు టెర్మినల్ బయటనే ట్యాగ్ కట్టి తీసుకుంటారు, అవి రూము కాడికి వచ్చేసరికి సాయంత్రం, ఒక్కోసారి రాత్రి కూడా అయితాది. కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్ట్‌లు, చార్జరు, పిల్లలకి ఒక జత బట్టలు, ఈత బట్టలు చేతి సంచిలో పెట్టుకోండి. పెద్ద బ్యాగులు స్కాన్ చేస్తారు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ కనపడితే బ్యాగు రూముకి రాదు. మా పిన్నమ్మ వాళ్ల బ్యాగు అట్లే ఆగిపోయింది. అందరి బ్యాగులూ వచ్చేసినాయి, వీళ్లది మాత్రం రాలేదు, రాత్రి భోజనానికి పోదామంటే చీర మార్చుకునేదానికి లేదు, అడుక్కుంటా అడుక్కుంటా కింద డెక్‌లో సెక్యూరిటీ రూముకి పోతే ఆడ బల్ల మీద వాళ్ల కెటిల్ పెట్టి ఉన్నారు. సంతకం పెట్టించుకుని, కెటిల్ వాళ్లే ఉంచుకుని బ్యాగు ఇచ్చినారు, దిగే రోజు కెటిల్ తిరిగి ఇచ్చేసినారులెండి. ఇంట్లో చేసిన పచ్చళ్లు, పులిహోర లాంటివి కూడా మామూలుగా ఒప్పుకోరు, కంపెనీ సీల్ ఉన్న పొడుల ప్యాకెట్లు, బిస్కెట్లు అయితే ఇబ్బంది లేదు.

ఎక్కినాక మొదటి పని సేఫ్టీ డ్రిల్, అంటే ప్రమాదమొస్తే యాడికి పోవాల్నో, ఏం చేయాల్నో చూపించేది. ఇప్పుడు చానా షిప్పుల్లో ఫోన్‌లోనో రూము టీవీలోనో వీడియో చూసి, మన రూము కార్డు మీద రాసిన చోటికి పోయి స్కాన్ చేయించుకుంటే అయిపోతాది. 2012 జనవరిలో ఇటలీ కాడ కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది పోయినప్పుడు కొత్తగా ఎక్కినోళ్లకి డ్రిల్ ఇంకా కానేలేదు, ఆ తర్వాతే రూల్ మార్చి, షిప్పు కదిలేముందు గానీ కదిలిన వెంటనే గానీ చేయాలని పెట్టినారు. ముసలోళ్లని కూడా తోడు తీసుకుపోయి ఆ చోటు చూపించండి, మెట్లు యాడున్నాయో వాళ్లకి తెలియాల, ప్రమాదం టైంలో లిఫ్టులు వాడకూడదు.

ఇప్పుడు తాగేదాని లెక్క.

ఏది ఫ్రీ అంటే, బఫేలో నీళ్లు, మామూలు కాఫీ, టీ, పాలు, పొద్దున టిఫిన్ కాడ జ్యూసు, చానా షిప్పుల్లో నిమ్మరసం కూడా. డబ్బులు పడేది కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు, కేఫ్‌లో చేసే కాపుచినో లాంటివి, బీరు, వైను, విస్కీ. రూములో కుళాయి నీళ్లు కూడా తాగేవే, సముద్రపు నీళ్లని షిప్పులోనే శుద్ధి చేస్తారు, అయినా మనసొప్పకపోతే ఖాళీ బాటిల్ తీసుకుపోయి బఫే కాడ గ్లాసుతో పట్టి నింపుకోండి, బాటిల్ మూతి నేరుగా కుళాయికి ఆనించనీయరు. టీ మాత్రం మన టీ కాదు, వేడినీళ్లు, టీ బ్యాగు, అంతే. ఇంట్లో అమ్మో అత్తో ఉంటే ఇన్‌స్టంట్ టీ సాచెట్లు, ఒక చిన్న ఫ్లాస్కు తీసుకుపోండి, పొద్దున్నే బఫేలో వేడినీళ్లు పట్టుకొస్తే వాళ్లకి ఆ రోజంతా హాయిగా ఉంటాది.

రోజుకి ఇంతని ముందే కట్టేసి, తాగే ప్రతిదానికీ విడిగా కట్టకుండా ఉండే డ్రింక్స్ ప్యాకేజీ కొనాల్నా వద్దా అని అందరూ అడుగుతారు. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ లెక్క చెప్తా, మనవాళ్లు సింగపూర్ నుంచి ఎక్కువ పోయేది దాంట్లోనే కాబట్టి. ప్యాకేజీ రేటు షిప్పుని బట్టి, తేదీని బట్టి మారుతుంటాది, లెక్క కోసం రోజుకి 70 డాలర్లు అనుకుందాం. దాని మీద 18 శాతం సర్వీస్ చార్జీ వేస్తారు, 82 డాలర్ల 60 సెంట్లు అయితాది. నాలుగు రాత్రులకి ఒకరికి 330 డాలర్లు దాటుతాది. ఇక్కడే అసలు కిటుకు, ఒక రూములో ఒక పెద్దాయన మందు ప్యాకేజీ తీసుకుంటే అదే రూములో ఉన్న పెద్దవాళ్లందరూ తీసుకోవాల. అన్నకి కావాల, వదిన చుక్క కూడా ముట్టదు, అయినా ఇద్దరికీ కట్టాల్సిందే, 660 డాలర్ల పైన. విడిగా కొంటే కాక్‌టెయిల్ 14 డాలర్లు అనుకున్నా 18 శాతంతో పదహారున్నర, అంటే ప్యాకేజీ గిట్టుబాటు కావాలంటే ఒక్కొక్కరు రోజుకి 5 తాగాల. బీరు 9 డాలర్లు అనుకుంటే రోజుకి 8. పైగా ఆ నాలుగు రోజుల్లో ఒకటో రెండో రోజులు మీరు ఊరు చూసేదానికి షిప్పు దిగిపోతారు, ఎండలో తిరిగొచ్చి రాత్రి ఎంత తాగుతారు చెప్పండి. వదిన తాగనప్పుడు అన్న ఒక్కడే ఆ 660 డాలర్లు రాబట్టాలంటే రోజుకి 10 కాక్‌టెయిళ్లు, అది ఆరోగ్యానికి మంచిది కాదు, అయ్యే పని కూడా కాదు. కాబట్టి సాయంత్రం రెండు పెగ్గులు తాగే మనిషికి విడిగా కొనుక్కునేదే మేలు, నేను ఎవరడిగినా ఇదే చెప్తా. ఇద్దరూ బాగా తాగేవాళ్లయితే, పోర్టు లేని రోజులు ఎక్కువుంటే అప్పుడు ఆలోచించొచ్చు, అది కూడా ఎక్కకముందే వాళ్ల యాప్‌లో కొనండి, లోపల కొంటే మామూలుగా రేటు ఎక్కువే.

ఒకరి ప్యాకేజీ మీద ఇంకొకరికి తెచ్చి ఇచ్చేది కూడా కుదరదు, పట్టుకుంటే ప్యాకేజీ తీసేస్తారు. పిల్లలు కూల్‌డ్రింక్ కూల్‌డ్రింక్ అని ఏడ్చేవాళ్లయితే వాళ్ల వరకు సోడా ప్యాకేజీ వేరేగా ఉంటాది, రోజుకి ఎన్ని తాగుతారో చూసి లెక్కేసుకోండి.

బయట నుంచి తీసుకుపోవచ్చా అంటే, రాయల్ కరీబియన్‌లో ఎక్కే రోజు పెద్దవాళ్లకి మనిషికి ఒక 750 ఎంఎల్ వైను బాటిల్, రూముకి 12 చిన్న కూల్‌డ్రింక్ క్యాన్లో నీళ్ల బాటిళ్లో ఒప్పుకుంటారు, అవి చేతి సంచిలో పెట్టుకోవాల. విస్కీ, బ్రాందీ, బీరు కుదరవు. ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో చవగ్గా వచ్చిందని పోయేటప్పుడే బాటిల్ కొనొద్దండి, షిప్పు కాడ అది మీది కాకుండా పోతాది, వచ్చేటప్పుడు కొనుక్కోండి, మన దేశంలోకి పెద్ద మనిషికి 2 లీటర్ల వరకు పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. మధ్యలో పోర్టుల్లో కొన్న బాటిల్ కూడా గేటు కాడ తీసి పెట్టుకుని చివర్లో ఇస్తారు. వేరే కంపెనీలో పోతుంటే ఇవన్నీ వాళ్ల రూల్స్ ప్రకారం మళ్లీ చూసుకోండి, ఒక్కో దాంట్లో ఒక్కో తీరు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. కడుపులో తిప్పకుండా మనవాళ్లు అవోమిన్ వేసుకుంటారు, అది వేసుకున్న రోజు బీరు, విస్కీ లాంటి మందు ముట్టొద్దు. ఆ మాత్రకే మగత వస్తాది, దానికి మందు తోడైతే మెట్ల మీద పడిపోయేంత మత్తు.

డబ్బులు ఎట్ల కట్టేదంటే లోపల నోట్లు నడవవు, రూము కార్డే అన్నిటికీ, దానికి మీ క్రెడిట్ కార్డ్ కలిపి ఉంటాది. బయల్దేరక ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేయండి. డెబిట్ కార్డ్ ఇవ్వొద్దు, కొంత సొమ్ము హోల్డ్‌లో పెడతారు, ట్రిప్ అయిపోయినాక కూడా కొన్ని రోజులు ఆ డబ్బు మీకు అందదు. మన కార్డులకి ఫారెక్స్ మార్కప్, అంటే వేరే దేశం డబ్బుల్లో కడితే బ్యాంకు వేసే అదనపు చార్జీ, మూడున్నర శాతం దాకా ఉంటాది, దాని మీద జీఎస్టీ, యాడైనా రూపాయల్లో కడతారా డాలర్లలోనా అని అడిగితే డాలర్లే అనండి. టిప్పులు రోజుకి మనిషికి ఇంతని బిల్లులో వాళ్లే కలిపేస్తారు, పెద్ద అమెరికా కంపెనీల్లో రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా, పిల్లలకి కూడా పడతాది, ఇది బుక్ చేసే రోజే లెక్కలో రాసుకోండి. పిల్లల కార్డులతో కొనకుండా గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో మొదటి రోజే ఆపించొచ్చు.

పోర్టులో దిగితే షిప్ టైం ఎంతో చూసుకుని దిగండి. ఫుకెట్‌లో గడియారం సింగపూర్ కంటే గంట వెనక ఉంటాది, ఫోన్ దానంతట అదే ఊరి టైంకి మారిపోతాది, షిప్పు మాత్రం సింగపూర్ టైంలోనే ఉంటే మీరు గంట లేటు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని షిప్ టైంకే ఉంచేయండి. సముద్రంలో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, షిప్పు సిగ్నల్‌కి తగులుకుంటే రోమింగ్ బిల్లు వేలల్లో వస్తాది.

చివరి రాత్రి బ్యాగులు రూము బయట పెడితే వాళ్లే కిందికి దించుతారు, పొద్దున వేసుకునే బట్టలు, మాత్రలు దాంట్లో పెట్టేయొద్దు. అదే రాత్రి టీవీలోనో యాప్‌లోనో బిల్లు ఒక్కో లైను చూడండి, మీరు తాగని డ్రింకు పడి ఉంటే అప్పుడే కౌంటర్‌కి పోయి తీయించుకోండి, పొద్దున ఆడ పెద్ద క్యూ ఉంటాది. తిరుగు ఫ్లైటు మాత్రం మధ్యాన్నం తర్వాతదే పెట్టుకోండి.