సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొనడం నేర్చుకుందాం – 3వ పాఠం: చల్లటి ఇంజన్ దగ్గర మొదలుపెట్టాలి

గత పాఠంలో ఆర్సీ, ఇన్సూరెన్స్, లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ ఎలా చూడాలో నేర్చుకున్నాం. ఈ పాఠంలో బండిని తాకి చూస్తాం, విని చూస్తాం. మన ఉదాహరణ బండి మారదు: 2011 ఆగస్టులో వచ్చిన రెండో తరం మారుతి స్విఫ్ట్, 1197 సీసీ పెట్రోల్. 2018 ఫిబ్రవరిలో మూడో తరం వచ్చేదాకా అమ్మిన బండి ఇది. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఏ మెకానిక్‌కైనా చేయి తిరిగిన బండి.

ఒక నోట్‌బుక్, ఫోన్ టార్చి, పాత గుడ్డ ముక్క తీసుకెళ్లండి. బయట నుంచి చూడటానికి ఇంకో మనిషి తోడుంటే మంచిది.

ఉదయాన్నే వెళ్లండి. "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని ముందురోజే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. ఎండ తగలకపోయినా వెచ్చగా ఉంటే ఎవరో అప్పటికే స్టార్ట్ చేశారన్నమాట. అప్పుడు గొడవేమీ పెట్టుకోవద్దు, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. వేడెక్కిన ఇంజన్ తన జబ్బులను చాలావరకు దాచేస్తుంది.

స్టార్ట్ చేసే ముందు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా చూడండి. ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మా బావ ఇలాంటి స్విఫ్టే కొన్నాడు. బయట రంగు అద్దంలా ఉంది, సీట్లకు కొత్త కవర్లు. ఎవరూ కూలెంట్ వైపు చూడలేదు. పాత ఓనరు ఏళ్ల తరబడి అందులో బోరు నీళ్లే పోశాడు. మే నెలలో పెళ్లికి వెళ్తుంటే దారిలో ఎర్ర లైటు వెలిగింది. ఊరు దగ్గరే కదా అని బావ ఇంకాస్త దూరం నడిపాడు. ఈ ఇంజన్ అల్యూమినియంది, వేడి మితిమీరితే హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) వంగిపోతుంది. హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్‌ను లేత్ మీద సాఫు చేయించాల్సి వచ్చింది. అక్కయ్య దాచుకున్న డబ్బు దానికే సరిపోయింది. ఐదు నిమిషాలు చూసి ఉంటే తప్పేది కదా అని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

ఏం చూడాలంటే, డబ్బాలోని ద్రవానికి కూలెంట్ రంగు స్పష్టంగా ఉండాలి. ఇటుక రంగు, తుప్పు మడ్డి, గోడలకు పట్టిన తెల్లటి పొర కనిపిస్తే అందులో బోరు నీళ్లు పోశారని అనుకోండి. తర్వాత ఇంజన్ ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు టార్చి వేయండి. పాలు కలిపిన టీ లాంటి జిగురు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. ఆయిల్ మట్టం చూసే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడండి. నలుపును చూసి భయపడక్కర్లేదు, వాడిన ఆయిల్ నల్లబడుతుంది. మట్టం తక్కువుంటే మాత్రం ఎందుకు తగ్గిందో అడగండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు అస్సలు వెళ్లకండి, మొహం కాలుతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మీ తోడు మనిషి సైలెన్సర్ దగ్గర నిలబడాలి. చల్లటి ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి పోతుండొచ్చు. ఈ ఇంజన్‌లో వాల్వులను సమయానికి తెరిచి మూయించడానికి టైమింగ్ బెల్ట్ ఉండదు, చెయిన్ ఉంటుంది. స్టార్ట్ చేయగానే వచ్చే గొలుసు గలగల రెండు మూడు సెకన్లలో ఆగకపోతే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏసీ వేసి పది నిమిషాలు నిలబెట్టండి. రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి, గాలి చల్లగా రావాలి.

ఇక రోడ్డు మీదికి. పాటలు, ఏసీ ఆపేసి అద్దాలు దించండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో నలభై స్పీడులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ చప్పుడు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ట్రాఫిక్‌లో ఎప్పుడూ హాఫ్ క్లచ్ మీద నడిపిన బండికి ఇది త్వరగా వస్తుంది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి లేబర్ ఖర్చూ బాగానే ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కించండి. ముందు చక్రాల దగ్గర "టక్ టక్" వినిపిస్తే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్ కావచ్చు, లోయర్ ఆర్మ్ బుష్ (రబ్బరు ముక్క) కావచ్చు. లింక్ రాడ్ చిన్న ఖర్చే, దాని కోసం బండి వదులుకోవద్దు, బేరానికి వాడుకోండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా కదిలిస్తే "కట కట" వచ్చిందా, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. స్పీడుతో పాటు పెరిగే హుమ్మనే శబ్దం వీల్ బేరింగ్ నుంచి రావచ్చు. బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగకూడదు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది.

ఇప్పుడు నోట్‌బుక్‌లో ఖర్చు లెక్క. ధర ఒక్కటే చూసి కొన్న చాలామందికి మొదటి ఏడాదే టెన్షన్ మొదలవుతుంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతారు, ఊళ్లో లీటరుకు 14 వస్తుంది, పెట్రోల్ 108 రూపాయలు అనుకుందాం: నెలకు 71 లీటర్ల పైచిలుకు, అంటే దాదాపు 7,700 రూపాయలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియం 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022 జూన్‌లో 3,416గా నిర్ణయించారు. 18 శాతం జీఎస్టీతో 4,031 అవుతుంది. ఓనర్ డ్రైవర్ కవర్, మీ బండికి జరిగే నష్టానికి కవర్ విడిగా ఉంటాయి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. అది మనిషిది, బండిది కాదు. పాలసీ రేటు అడిగేటప్పుడు ఇది మర్చిపోకండి.

పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్ చేయించాలి. 2012 బండి కొంటున్నవారికి అది 2027లోనే వచ్చేస్తుంది. ఫిట్‌నెస్‌కు చేయించాల్సిన పనులు, ఆ ఫీజు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

డీజిల్ స్విఫ్ట్ చూస్తున్నవారికి ఒక్క మాట: మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. ఇంజెక్టర్లు, టర్బో బాగుచేసే మంచి మెకానిక్ దగ్గరలో ఉంటేనే, రోజూ దూరం తిరిగే పని ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఈ వారం ఇంటిపని. మీ ఊళ్లో ఇద్దరు మెకానిక్‌లను కలిసి ఈ ఐదు పనులకు విడివిడిగా రేటు అడగండి: క్లచ్ సెట్, నాలుగు టైర్లు, బ్యాటరీ, రెండు లింక్ రాడ్లు, కూలెంట్ పూర్తిగా మార్చడం. స్పేర్ పార్టు ధర ఒక కాలమ్, లేబర్ ఇంకో కాలమ్. ఇంకా ఏ బండీ చూడకముందే ఈ కాగితం సిద్ధంగా ఉండాలి. నాలుగో పాఠంలో దీన్ని ముందు పెట్టుకునే బేరమాడటం నేర్చుకుంటాం.