చెవి మిషన్ సొరుగులోకి ఎందుకు చేరుతుంది? సమస్య - కారణం - పరిష్కారం

కొన్న నెలకే చెవి మిషన్ సొరుగులో పడిందంటే అది పెద్దవాళ్ల మొండితనం అనుకోకండి. చాలాసార్లు ఆ రకం వాళ్ల చెవికో, వేళ్లకో సరిపడి ఉండదు. "బాగాలేదు" అన్నప్పుడు ఏది బాగాలేదో ఓపికగా అడగండి. ఆ జవాబును బట్టే ఏ రకం కావాలో తెలుస్తుంది.

మిషన్ సంగతి తర్వాత. వినికిడి ఉన్నట్టుండి, అంటే గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో పడిపోతే వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వైద్యం ఆలస్యమయ్యేకొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. చెవిలో చీము, నొప్పి, తల తిరగడం, ఒక్క చెవే మందగించడం ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించాకే మిషన్ మాట.

"వినిపిస్తోంది, కానీ అర్థం కావట్లేదు"

అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. వయసుతో వచ్చే లోపంలో సాధారణంగా ముందు పోయేవి సన్నని, కీచు శబ్దాలు. ఆ, ఓ లాంటి అచ్చులు మంద్రంగా, బరువుగా ఉంటాయి కాబట్టి చెవికి అందుతాయి. స, త, క, ప లాంటి హల్లుల పదును మాత్రం జారిపోతుంది. ఇక "పాలు" అన్నా "కాలు" అన్నా ఒకటే. అలాంటప్పుడు అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచే మిషన్ పెడితే అచ్చులు హోరెత్తుతాయి, హల్లులు మళ్లీ దొరకవు.

దీనికి మందు వాల్యూమ్ కాదు, ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్షలో గీసే పటం. బరువైన శబ్దాల నుంచి కీచు శబ్దాల వరకు, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఏ చెవి ఎక్కడ ఎంత తగ్గిందో చూసి, దాని ప్రకారం ప్రోగ్రామ్ చేయించాలి. చెవిలో సన్నని గొట్టం పెట్టి, మిషన్ శబ్దం కర్ణభేరి దగ్గరికి ఎంత చేరుతోందో కొలిచే పరీక్ష ఉంది. అది చేయమని ఆడియాలజిస్ట్‌ని (వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే నిపుణుల్ని) తప్పకుండా అడగండి. మాటల్ని గుర్తుపట్టే పరీక్ష కూడా చేయించండి. తగినంత గట్టిగా వినిపించినా మాటలు పోల్చుకోలేకపోతుంటే, ఎంత మంచి మిషనైనా అంతా సరిచేయలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడమనండి.

మొదటి కొన్ని వారాలు గిన్నెల చప్పుడు కూడా చిరాకు పెడుతుంది. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, రోజుకి కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

"నా గొంతే కుండలోంచి వస్తున్నట్టుంది"

రెండు చెవులూ వేళ్లతో మూసుకుని "ఈ" అనండి. వాళ్ల బాధ మీకే తెలుస్తుంది. చెవి రంధ్రం పూర్తిగా మూసుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. బరువైన శబ్దాలు బాగా వినగలిగేవాళ్లకి ఇది మరీ ఇబ్బంది. వాళ్లకి స్పీకర్ చెవిలో ఉండే ఆర్‌ఐసీ రకం, గాలి ఆడే ఓపెన్ డోమ్‌తో (రంధ్రాలున్న మెత్తటి చిన్న టోపీ) నప్పుతుంది. మోల్డ్, అంటే చెవి అచ్చు తీసి చేసిన బిరడా, వాడుతుంటే అందులో గాలి రంధ్రం పెద్దది చేయించవచ్చు.

కూయ్‌మని ఈల

బయటికి వెళ్లిన శబ్దం మళ్లీ మైక్‌లోకి దూరితే ఈల వస్తుంది. ముందు చెవిలో గులిమి అడ్డుందేమో డాక్టర్‌తో చూపించండి, పుల్లలు పెట్టి కెలకొద్దు. తర్వాత డోమ్ సైజు చూడాలి. లోపం 70 డెసిబెల్స్ దాటిన, అంటే బాగా ఎక్కువగా ఉన్న చెవికి ఓపెన్ డోమ్ పెడితే ఈల తప్పించడం కష్టం. చెవి వెనక పెట్టే పవర్ బీటీఈ, కొలతకి చేసిన మోల్డ్ కావాలి. పిల్లలకి కూడా బీటీఈనే మేలు. చెవి పెరిగినప్పుడల్లా మోల్డ్ మారిస్తే సరిపోతుంది, మిషన్ మార్చక్కర్లేదు.

"పెట్టుకోవడమే చేతకావట్లేదు"

మా నాన్నకి చెవి రంధ్రంలోపలే ఇమిడిపోయి ఎవరికీ కనిపించని బుల్లి సీఐసీ రకం తీసుకున్నాం. అందులో పట్టే 10 నంబర్ బ్యాటరీ వెడల్పు 5.8 మిల్లీమీటర్లే. వణికే వేళ్లకి అది దొరికేది కాదు. పోగొట్టుకుంటానన్న టెన్షన్‌తో ఆయన మిషన్ పెట్టుకోవడమే మానేశారు. ఆయన చేతులు చూడకుండా అందం చూసి ఎంచుకున్నాం, ఆ తప్పు మాది. ఇలాంటివాళ్లకి ఛార్జింగ్ పెట్టుకునే బీటీఈ గానీ, పెద్ద 13 నంబర్ బ్యాటరీ ఉన్నది గానీ తీసుకోండి. పైగా బుల్లి రకాల్లో చాలావాటికి ఒక్క మైకే ఉంటుంది. ఎదుటివాళ్ల మాటని గుంపు గోలలోంచి వేరు చేయడానికి రెండు మైకులు ఉన్నవి మెరుగు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతే

స్పీకర్ మూతి దగ్గర గులిమిని ఆపే చిన్న జల్లెడ, వ్యాక్స్ గార్డ్‌లో గులిమి చేరి ఉండొచ్చు, మార్చి చూడండి. జింక్ ఎయిర్ బ్యాటరీ అయితే స్టిక్కర్ తీశాక రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టండి. చెమట ఎక్కువ పట్టేవాళ్లు రాత్రిపూట తేమ పీల్చే డబ్బాలో ఉంచాలి.

చెవి తరచూ కారేవాళ్లకి రంధ్రం మూసే ఏ రకమైనా ఇబ్బందే. ఎముక ద్వారా శబ్దాన్ని పంపే మిషన్ గురించి డాక్టర్‌ని అడగండి. పవర్ మిషన్‌తో కూడా మాట అందకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పనికొస్తుందేమో పరీక్ష చేయించాలి.

కొనేముందు ట్రయల్‌కి ఇమ్మని అడగండి. ఆ రోజుల్లో ఫోన్‌లో, భోజనాల దగ్గర, నలుగురూ ఒకేసారి మాట్లాడేచోట ఎక్కడ ఇబ్బంది పడ్డారో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ఆడియాలజిస్ట్‌కి ఇవ్వండి.