డ్రెడ్జింగ్‌కు ముందు మల్టీబీమ్ సర్వే: నేను చేసే పద్ధతి

డ్రెడ్జర్ (నీటి అడుగున మట్టి తవ్వే ఓడ) ఎంత మట్టి తీసిందో, దానికి ఎంత చెల్లించాలో తేల్చేది లోతుల సర్వే. అందుకే తెర మీద రంగురంగుల మ్యాపు ఎంత అందంగా వచ్చినా, సరిచూసిన కొలతలు చూపించనిదే నేను దాన్ని నమ్మను.

ముందు మల్టీబీమ్ సోనార్‌ను, అంటే విసనకర్రలా అనేక ధ్వని కిరణాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చెప్పే పరికరాన్ని, పడవకు కదలకుండా బిగించండి. జీపీఎస్ యాంటెనా, పడవ ఊగడాన్ని కొలిచే సెన్సర్, సోనార్ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో టేపుతో కొలిచి రాసుకోండి.

తర్వాత ప్యాచ్ టెస్ట్, అంటే సోనార్ ఏ కోణంలో ఒరిగి ఉందో పట్టుకునే పరీక్ష. దీన్ని తొందరగా కానివ్వమనే మేనేజర్లు ఉంటారు, ఒప్పుకోకండి. సోనార్ పక్కకు ఒక్క డిగ్రీ ఒరిగిందనుకుందాం. 20 మీటర్ల లోతులో, పడవకు 20 మీటర్లు పక్కన ఉన్న చోట లోతు దాదాపు 35 సెంటీమీటర్లు తప్పు వస్తుంది. విశాలమైన ప్రాంతంలో అది ఎన్ని వేల ఘనపు మీటర్ల మట్టి అవుతుందో లెక్కేసి చూడండి! ఈ ఒరుగు పట్టుకోవాలంటే చదునైన నేల మీద ఒకే గీత వెంట వెళ్లి, తిరిగి రావాలి. రెండు కొలతలూ కలవకపోతే కోణం సరిచేయాలి. సోనార్ ముందుకో వెనక్కో వంగిందా అన్నది ఏటవాలు నేల మీద ఇలాగే తెలుస్తుంది.

ఇక శబ్దవేగం. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. నీటి వేడి, ఉప్పదనం పెరిగితే వేగమూ పెరుగుతుంది. నదీముఖాల దగ్గర పైన మంచినీరు, కింద ఉప్పునీరు ఉంటాయి కాబట్టి శబ్దవేగం కొలిచే ప్రోబ్‌ను అడుగుదాకా దించి కొలవండి. పోటు మారితే మళ్లీ దించాల్సిందే. చదునైన నేల, సోనార్ కొలిచే పట్టీ అంచుల్లో పైకి లేచినట్టో కుంగినట్టో కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ శబ్దవేగాన్నే.

పక్కపక్క గీతలు బాగా ఒకదాని మీదికొకటి వచ్చేలా పడవ నడపండి.

అడుగున మెత్తటి బురద ఉంటే చిక్కే. 200 కిలోహెర్ట్జ్ ధ్వని బురద పైపొర నుంచే తిరిగొస్తుంది, 30 కిలోహెర్ట్జ్‌కు దగ్గరలోది లోపలికి దిగుతుంది. ఏ లోతును లెక్కలోకి తీసుకోవాలో తవ్వేవాళ్లు, డబ్బిచ్చేవాళ్లు రెండు పక్షాలతో పని మొదలవకముందే కాగితం మీద రాయించండి. పని అయ్యాక చేసే సర్వే కూడా అదే ఫ్రీక్వెన్సీతో, నీటిమట్టానికి అదే ఆధారరేఖతో (లోతును ఎక్కడి నుంచి లెక్కించాలో చెప్పే మట్టం) జరగాలని అందులోనే చేర్చండి.