సన్నని జుట్టుకు బాబ్ కట్: ఒత్తుగా కనిపించనప్పుడు లోపం ఎక్కడుందో గుర్తించడం

సన్నని జుట్టున్నవారు జడను వదులుకుని బాబ్ కట్‌కు సిద్ధపడేది చాలావరకు ఒకే ఆశతో, పొట్టిగా కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా కనిపిస్తుందని. ఆ ఆశకు గట్టి ఆధారమే ఉంది. వెంట్రుక మందం సగానికి తగ్గితే దాని బరువు 4వ వంతుకు తగ్గుతుంది, కాని వంగకుండా నిలిచే బిగువు మాత్రం 16వ వంతుకు పడిపోతుంది. అందువల్ల సన్నని వెంట్రుక తన బరువును తానే మోయలేక కుదురు దగ్గరే వాలి, మాడుకు అతుక్కుపోతుంది. పొడవు తగ్గిస్తే మోయవలసిన బరువు తగ్గి, కుదురు కొంత లేస్తుంది. అయినా పార్లర్ అద్దంలో నిండుగా కనిపించిన బాబ్, ఇంట్లో రెండుమూడు తలస్నానాలయ్యేసరికి నీరుగారిపోవడం చాలామందికి అనుభవమే. అప్పుడు జుట్టును నిందించుకోకుండా, లోపం కత్తిరింపులో ఉందా, ఆరబెట్టడంలో ఉందా, నూనెలో ఉందా, నీటిలో ఉందా అన్నది విడదీసి చూడాలి.

దానికి ముందు ఒక తేడా తెలుసుకోవాలి. సన్నని జుట్టు వేరు, పలచని జుట్టు వేరు. మనిషి వెంట్రుక మందం సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ కొలతలో కింది అంచున ఉన్నదాన్ని సన్నని వెంట్రుక అంటాం. పలచదనమంటే వెంట్రుకల సంఖ్య తక్కువగా ఉండడం. రాలిన వెంట్రుకనొకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి రాయండి. వేళ్లకు ఏమీ తగలనట్టుంటే అది సన్నని వెంట్రుక. ఆ తర్వాత పొడి జుట్టుకు మధ్యపాపిడి తీసి, పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. పాపిడి సన్నని గీతలా ఉంటే మీ జుట్టు సన్ననిదే గాని పలచనిది కాదు. పాపిడి పక్కన కూడా మాడు తెల్లగా కనిపిస్తే పలచదనం ఉన్నట్టు. ఈ పరీక్షలు ఇంటి కొలతలే అయినా, కింద చెప్పబోయే వాటిలో ఏది మీకు వర్తిస్తుందో తేల్చడానికి సరిపోతాయి.

కొసలు ఈకల్లా పలచబడి, వెలుతురులో అవతలి వైపు కనిపిస్తున్నాయి

సన్నని జుట్టు బాబ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసిన లోపం ఇదే, అన్నిటికంటే సులభంగా తప్పించుకోగలిగినదీ ఇదే. ‘ఒత్తుగా కనిపించాలి’ అని అడిగినవారికి చాలాచోట్ల వెంటనే లేయర్లు వేసేస్తారు. ఒత్తైన జుట్టుకు లేయర్లు బరువు తగ్గించి కదలికనిస్తాయి కాబట్టి, అదే మంత్రం అందరికీ పనిచేస్తుందని అనుకుంటారు. సన్నని జుట్టులో జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. పై పొరలను పొట్టిగా కత్తిరించిన కొద్దీ కింది అంచు వరకు చేరే వెంట్రుకల సంఖ్య తగ్గిపోతుంది. జడ వేసుకున్న రోజుల్లో ఎలుకతోక అని బాధపడిన ఆ పలచదనమే ఇప్పుడు మెడ చుట్టూ పరుచుకుంటుంది. దీనికి తోడు జుట్టును మధ్యమధ్యలో తెంపి పలచబరిచే పళ్ల కత్తెర (థిన్నింగ్ కత్తెర) వాడితే అంచులో మిగిలిన కాస్త బరువూ పోతుంది. రేజర్‌తో లాగి కోస్తే కొస ఏటవాలుగా తెగి, కొద్ది వారాల్లోనే చిట్లడం మొదలవుతుంది.

కింది అంచు ఒకే గీతలో, మొద్దుగా తెగిన బ్లంట్ బాబ్ దీనికి పరిష్కారం. పాయను పైకెత్తకుండా, సహజంగా వేలాడే చోటే దువ్వెనతో పట్టి, మామూలు కత్తెరతో కత్తిరించాలి. అప్పుడు ప్రతి వెంట్రుకా ఒకే గీత దగ్గర ఆగుతుంది, కొసలన్నీ ఒకచోట చేరడంతో అంచు దళసరిగా కనిపిస్తుంది. పొడవు కింది పెదవికీ గడ్డం కింది అంచుకూ మధ్య ఉంటే సన్నని జుట్టు బాగా నిలుస్తుంది. భుజాల దాకా వచ్చే లాబ్ వరకు వెళితే బరువు తిరిగి మొదటికి వస్తుంది. కుర్చీలో కూర్చోగానే ‘లేయర్లు వద్దు, థిన్నింగ్ వద్దు, రేజర్ వద్దు, కింద ఒకే గీత కావాలి’ అని స్పష్టంగా చెప్పండి. ఫోటో చూపించడం మంచిదే, కాని ఆ ఫోటోలోని వ్యక్తి జుట్టు మీ జుట్టంత సన్ననిదై ఉండాలి. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది, కాబట్టి కాస్త అల తిరిగే జుట్టున్నవారు తాము కోరిన పొడవుకంటే 1 లేదా 2 సెంటీమీటర్లు కిందనే ఆగమని చెప్పి, ఆరిన తర్వాత అంచు సరిచేయించుకోవాలి.

ఇప్పటికే లేయర్లు పడిపోయినవారికి ఒక్క రోజులో దారి లేదు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు, కొద్దిగా అటూ ఇటూగా పెరుగుతుంది. 6 నుంచి 8 వారాలకోసారి కింది అంచును మాత్రమే ఆ పెరిగిన మేరకు కత్తిరిస్తూ పోతే, పై పొరలు దిగివచ్చి గీతను కలుస్తాయి. ఆ వ్యవధిలో పై పొరలను ‘సరిచేస్తామంటే’ ఒప్పుకోవద్దు.

జుట్టుకు ఆకారాన్ని ఇచ్చేది కత్తిరింపే గాని పిన్నులూ స్ప్రేలూ కావన్న పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసిన వారిలో లండన్‌కు చెందిన విడాల్ సాసూన్ ముఖ్యుడు. 1963లో నటి నాన్సీ క్వాన్‌కు ఆయన కత్తిరించిన బాబ్ ఎంతో పేరు తెచ్చుకుంది. తలస్నానం చేసి ఆరబెట్టుకుంటే జుట్టు తనంతట తాను ఆకారంలోకి రావాలన్నది ఆయన ఆలోచన. మీ బాబ్ ఆరిన ప్రతిసారీ ఆకారం లేకుండా పడిపోతుంటే, మొదట అనుమానించవలసింది కత్తిరింపునే.

అంచు నిండుగానే ఉంది, నడినెత్తి మాత్రం చదునుగా ఉంది

దీనికి మూడు కారణాలుంటాయి, అవి తరచుగా కలిసే ఉంటాయి. మొదటిది పాపిడి. ఏళ్ల తరబడి ఒకే చోట పాపిడి తీస్తే కుదుళ్లు ఆ వాలుకు అలవాటుపడిపోతాయి. పాపిడిని 2 సెంటీమీటర్లు పక్కకు జరిపితే, ఇన్నాళ్లూ ఒక వైపుకు పడుకున్న వెంట్రుకలు రెండో వైపుకు మళ్లవలసి వచ్చి కుదురు దగ్గర లేస్తాయి. ఖర్చు లేని ఈ మార్పును ముందుగా ప్రయత్నించాలి.

రెండవది ఆరబెట్టే తీరు. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడిస్తే విడిపోతాయి, ఆరేటప్పుడు తిరిగి ముడిపడతాయి. ఆరే క్షణంలో వెంట్రుక ఏ దిశలో ఉంటే ఆ దిశలోనే కుదురుకుంటుంది. తడి జుట్టును దువ్వి వదిలేస్తే మాడుకు అంటుకున్న భంగిమలోనే అది ఆరుతుంది. తువ్వాలుతో రుద్దకుండా ఒత్తి నీరు తీశాక, కోడిగుడ్డు పరిమాణంలో హెయిర్ మూస్ (జుట్టును నిలిపే నురగ) తీసుకుని కుదుళ్లకు మాత్రమే పట్టించండి. తల ముందుకు వంచి, వేళ్లతో కుదుళ్లను కదిలిస్తూ, మధ్యస్థ వేడితో మూడు వంతులు ఆరేదాకా డ్రయ్యర్ పట్టండి. ఆ తర్వాత తల ఎత్తి, నడినెత్తి మీది పాయలను రౌండ్ బ్రష్‌తో నిలువుగా పైకి లాగి ఆరబెట్టి, చివర చల్లని గాలి తగిలించాలి. వేడిగా ఉన్నప్పుడు వెంట్రుక ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి, చల్లారాకే చేయి తీయాలి. బ్రష్ పట్టడం చేతకానివారు నడినెత్తి మీద మూడు వెల్క్రో రోలర్లు చుట్టి పావుగంట ఉంచుకుంటే అదే ఫలితం వస్తుంది. స్ట్రెయిటనర్ వాడేవారు 150 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకపోవడం మంచిది, ఎందుకంటే సన్నని వెంట్రుక వేడిని తట్టుకోలేదు.

మూడవది వెనుక భాగం కత్తిరింపు. తల వెనుక భాగం చదునుగా ఉన్నవారికి బ్లంట్ బాబ్ వెనుక నుంచి పరదాలా కనిపిస్తుంది. వారికి గ్రాడ్యుయేటెడ్ బాబ్ నప్పుతుంది: మెడ దగ్గర పొట్టిగా మొదలుపెట్టి, పాయలను సుమారు 45 డిగ్రీల కోణంలో ఎత్తి, పైకి పోయే కొద్దీ పొడవు పెంచుతూ కత్తిరిస్తారు. కింది పొట్టి వెంట్రుకలు పై పొరలకు ఊతంగా నిలిచి, తల వెనుక గుండ్రని నిండుదనం వస్తుంది. అయితే పైన చెప్పిన పరీక్షలో పలచదనం తేలినవారు దీని జోలికి పోకూడదు. మెడ దగ్గర పొట్టిగా తీసిన చోట చర్మం కనిపించి, ఉన్న లోపం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

ఉదయం బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి పడిపోతుంది

ఇక్కడ కారణాన్ని చేతితో తాకి తెలుసుకోవచ్చు.

కుదుళ్లు జిడ్డుగా తగిలితే కారణం నూనె. మాడు మీద ఊరే నూనె సన్నని జుట్టుకు తక్కువేమీ కాదు, అది పరుచుకోవడానికి ఉన్న ఉపరితలం మాత్రం తక్కువ. అందుకే రెండో రోజుకే పాయలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వారానికి ఒక్కసారి తలంటుకునే అలవాటు పొడవైన జడకు సరిపోయింది గాని బాబ్‌కు సరిపోదు. రోజు విడిచి రోజు తేలికపాటి షాంపూతో కడగడంలో తప్పు లేదు. కండిషనర్ చెవి తమ్మెకు దిగువన మాత్రమే రాయాలి. కొబ్బరినూనెను పూర్తిగా మానమని నేను చెప్పను, ఎందుకంటే అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ నష్టాన్ని కొంత ఆపుతుంది. కాని రాత్రంతా మాడుకు పట్టించే పద్ధతి మాని, తలస్నానానికి రెండు గంటల ముందు కొసలకు మాత్రం రాయండి. తలస్నానం తర్వాత రెండు చుక్కలు రాసుకునే అలవాటు మాత్రం సన్నని జుట్టు బాబ్‌ను ఖచ్చితంగా పాడుచేస్తుంది. సీరం విషయంలో కూడా ఇంతే.

కుదుళ్లు పొడిగానే ఉండి, జుట్టు మెత్తగా కుంగిపోయి, పైన చిన్న వెంట్రుకలు లేస్తుంటే కారణం గాలిలోని తేమ. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉన్నవారు బయటికి వెళ్లిన గంటలో దీన్ని గమనిస్తారు. పొద్దున డ్రయ్యర్‌తో ముడిపడిన ఆ బంధాలనే గాలిలోని తేమ మెల్లగా విప్పుతుంది. జుట్టును పైపైన కాకుండా కుదుళ్ల దాకా పూర్తిగా ఆరబెట్టాలి, ఎందుకంటే లోపల మిగిలిన తడి బయటి తేమ కంటే ముందే ఆకారాన్ని చెడగొడుతుంది. మూస్ ఆరాక వెంట్రుక మీద పలచని పొరలా నిలిచి కొంత రక్షణనిస్తుంది. తీరప్రాంతంలో నివసించేవారు అద్దంలా నున్నని బాబ్ కోసం రోజూ పోరాడేకంటే, జుట్టులో సహజంగా ఉన్న అలను అలాగే ఆరనిచ్చి, దానికి తగ్గట్టు పొడవు నిర్ణయించుకోవడం మేలని నా అభిప్రాయం.

జుట్టు గరుకుగా, కాంతి లేకుండా, పాయలు పాయలుగా విడిపోతుంటే, షాంపూ సరిగా నురగ రాకపోతుంటే నీటిని అనుమానించాలి. బోరు నీరు వాడే ఇళ్లలో బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర పేరుకునే తెల్లని పొరే వెంట్రుకల మీదా చేరుతుంది. రెండుమూడు వారాలకోసారి ఆ పొరను పట్టి తొలగించే ఈడీటీఏ వంటి పదార్థం ఉన్న కీలేటింగ్ షాంపూతో కడిగి, ప్రతి తలస్నానంలో చివరి ఒక జగ్గు మాత్రం వడపోసిన తాగునీటిని వాడితే తేడా తెలుస్తుంది. పొట్టి జుట్టుకు ఒక జగ్గు సరిపోతుంది, జడకైతే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఒక వైపు కొసలు బయటికి తిరుగుతున్నాయి

పొడవు భుజాన్ని తాకుతుంటే అది అక్కడ కొట్టుకుని మలుపు తిరుగుతుంది. 3 సెంటీమీటర్లు పైకి కత్తిరిస్తే చాలు. మెడ దగ్గర సుడి ఉండి ఒకే వైపు లేస్తుంటే, ఆ చోట మరీ పొట్టిగా తీయకుండా, పై పొర బరువు దాని మీద పడేలా కత్తిరించమని చెప్పండి.

పాపిడి నానాటికీ వెడల్పవుతోంది

ఇది కత్తిరింపుతో పరిష్కారమయ్యేది కాదు. కాన్పు అయిన రెండుమూడు నెలలకు, లేదా తీవ్రమైన జ్వరం తర్వాత జుట్టు ఒక్కసారిగా రాలడం సహజమే, చాలామందిలో అది తిరిగి పెరుగుతుంది. కాని అటువంటి కారణమేదీ లేకుండా పాపిడి వెడల్పవుతుంటే, రక్తహీనత, ఇనుము లోపం, థైరాయిడ్ సమస్య, వంశపారంపర్యంగా వచ్చే పలచదనం వంటివి ఉండవచ్చు. చర్మవైద్యులను కలవండి, ఆలస్యం చేయవద్దు. ఈలోగా పాపిడిని వంకరటింకరగా తీసి, గడ్డం దాకా బ్లంట్ బాబ్ ఉంచుకుంటే చూపులకు కొంత ఊరట ఉంటుంది.

తలనీలాలిచ్చాక పెరుగుతున్న జుట్టు బాబ్ ఆకారానికి రావడం లేదు

తిరుమలలో తలనీలాలు సమర్పించినవారు జుట్టు పెరిగే దారిలో బాబ్ దశను దాటవలసిందే, అయినా దీని గురించి చెప్పేవారు అరుదు. ఒక అపోహను ముందే తొలగించాలి: గుండు చేయించుకున్నంత మాత్రాన వెంట్రుక మందం పెరగదు. కొస మొద్దుగా తెగినందువల్ల చేతికి గరుకుగా, ఒత్తుగా తగులుతుంది, అంతే. బ్లంట్ బాబ్ పనిచేసే సూత్రం కూడా అదే.

గుండు తర్వాత తలంతటా జుట్టు ఒకే పొడవున పెరుగుతుంది. ఏడాదికి 12 సెంటీమీటర్లకు పైగా పెరిగేసరికి మెడ మీది వెంట్రుకలు భుజాన్ని సమీపిస్తాయి, నడినెత్తి మీదివి మాత్రం చెవుల దగ్గరే ఉంటాయి. కింద తోకలా, పైన చదునుగా కనిపించడానికి కారణం ఇదే. దాన్ని సరిచేయడానికి పై భాగానికి లేయర్లు వేయించుకుంటే నెలల పెరుగుదల వృథా అవుతుంది. పై భాగాన్ని ముట్టుకోకుండా, 8 వారాలకోసారి మెడ వెనుక అంచును మాత్రమే జుట్టు మొదలయ్యే చోటి దాకా కత్తిరిస్తూ ఉండాలి. నడినెత్తి నుంచి గడ్డం వరకు దాదాపు 25 సెంటీమీటర్లు కావాలి కనుక, అన్ని వెంట్రుకలూ ఒకే గీతను చేరడానికి రెండేళ్లు పడుతుంది. మొదటి ఏడాది చివర్లో చెవి కింది వరకు వచ్చే పొట్టి బాబ్ సాధ్యమవుతుంది. పాపిడి ఇంకా ఎక్కడా స్థిరపడని ఆ రోజుల్లోనే, ఆరబెట్టిన ప్రతిసారీ దాన్ని ఒక్కో వైపుకు మారుస్తూ ఉంటే కుదుళ్లు ఒకే వాలుకు అలవాటుపడవు.