పక్కవారి పేజీ చూశాక మన పని వెలవెలబోతోందా? సమస్య - పరిష్కారం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంటి వెనుక గదిలో పెళ్లి దండలనూ తలంబ్రాలనూ గాజులా గట్టిపడే ద్రవమైన రెజిన్‌లో ఫ్రేములుగా పోసి ఇన్‌స్టాగ్రామ్ ద్వారా అమ్ముతున్న నాకు, "ఇతరులతో పోల్చుకోవద్దు" అన్న సలహా ఒక్కరోజు కూడా ఉపయోగపడలేదు. లియాన్ ఫెస్టింజర్ 1954లో ప్రతిపాదించిన సామాజిక పోలిక సిద్ధాంతం ప్రకారం, తన సామర్థ్యాన్ని కొలుచుకోవడానికి నికరమైన కొలబద్ద దొరకనప్పుడు మనిషి తనలాంటి వారితో పోల్చుకుంటాడు. కాబట్టి ఏ పోలిక బాధపెడుతున్నదో చూసి, దాని స్థానంలో ఏ కొలత పెట్టుకోవాలో కింద వివరిస్తున్నాను.

సమస్య: వారి ఫ్రేము అద్దంలా ఉంటుంది, నాది మసకబారుతుంది

హైదరాబాద్‌లో పనిచేసే వారి వీడియో చూసి, అదే రెజిన్‌ను అదే పాళ్లలో కలిపి పోసినా, మరునాటి ఉదయానికి మన ఫ్రేము మీద జిడ్డుగా తెల్లటి పొర తేలితే, తప్పు మన చేతిలోనే ఉందనుకోవడం సహజం. నేను ఆరు నెలలు అలాగే అనుకున్నాను. కారణం గాలిలో ఉంది: ఎపాక్సీని, అంటే మనం వాడే రెజిన్‌ను, గట్టిపరిచే ద్రవంలోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసినప్పుడు ఆ పొర ఏర్పడుతుంది, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో తేమకు కరవు లేదు.

గదిలో తేమను కొలిచే హైగ్రోమీటర్ ఒకటి పెట్టుకుని, పోయడానికి గంట ముందే తలుపులు మూసి ఏసీ వేసి, తేమ 60 శాతం లోపుకు దిగిన తరువాతే రెజిన్ కలపాలి. పోసిన ఫ్రేమును మూతపెట్టి మొదటి 24 గంటలూ అదే గదిలో ఉంచాలి. చల్లగా ఉంటుందని తెల్లవారుజామున పోయకూడదు, ఎందుకంటే సాపేక్ష తేమ సాధారణంగా ఆ వేళలోనే ఎక్కువ. పొర ఇప్పటికే వచ్చి ఉంటే, ఫ్రేము పూర్తిగా గట్టిపడిన తరువాత గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, తుడిచి ఆరబెట్టి, సన్నని గరుకు కాగితంతో రుద్ది మరో పూత పోయవచ్చు.

పువ్వులదీ ఇదే కథ. రెక్కలు గలగలలాడుతున్నా, గులాబీ తొడిమ దగ్గర గోరు మెత్తగా దిగితే ఆ పువ్వు ఇంకా ఆరలేదని అర్థం, దాన్ని పోస్తే రెజిన్ లోపలే గోధుమరంగుకు తిరుగుతుంది. తేమను పీల్చే సిలికా జెల్ గుళికల డబ్బాలో మరికొన్ని రోజులు ఉంచడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

సమస్య: వారి ధర చూసి నా ధర తగ్గించాను

ఎదుటివారు సరుకు టోకున కొంటున్నారో, తమ శ్రమకు లెక్క కట్టుకుంటున్నారో లేదో మనకు తెలియదు. తెలిసినది మన ఖర్చు మాత్రమే. ఉదాహరణకు ఒక ఫ్రేముకు రెజిన్, అచ్చు అరుగుదల, ప్యాకింగ్, కొరియర్ కలిపి 1,400 రూపాయలు, గంటకు 150 చొప్పున ఆరు గంటల పనికి 900 అయితే, మొత్తం 2,300 అవుతుంది. పక్క పేజీలో 1,800 కనిపించిందని అదే ధర పెడితే, మన కూలి నుంచి 500 రూపాయలు కొనుగోలుదారుకు ఎదురిచ్చినట్లే. బేరమాడేవారికి ధర కాకుండా ఫ్రేము సైజు తగ్గించి చూపండి.

సమస్య: వారికి ఆర్డర్లు వస్తున్నాయి, నాకు ఆగిపోయాయి

ముందుగా పంచాంగం చూడండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, వీటికి తోడు మూఢం వచ్చినప్పుడు మన ఇళ్లలో పెళ్లిళ్లు ఉండవు, పెళ్లిళ్లు లేకపోతే దండలూ ఉండవు. వేరే ప్రాంతపు వారి పెళ్లిళ్ల కాలంతో మన ఖాళీ నెలను పోల్చుకోవడం అర్థం లేని పని. గత ఏడాది అదే ఇంగ్లీషు నెలతో పోల్చినా పొరపాటే: 2023లో అధిక శ్రావణం జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు సాగడంతో శ్రావణ ముహూర్తాలు ఆ తరువాతకు జరిగాయి. అందుకే నా ఆర్డర్ల పుస్తకంలో తెలుగు మాసాల వారీగా రాసుకుంటాను. ఖాళీ మాసాల్లో గృహప్రవేశాలకూ పుట్టినరోజులకూ పనికొచ్చే నేమ్ ప్లేట్లు పోస్తాను.

సమస్య: పని మొదలుపెట్టేలోపే ఫోన్‌లో గంట గడిచిపోతుంది

మనం ఆగి చూసినవాటిని పోలినవే ఇన్‌స్టాగ్రామ్ మళ్లీ చూపిస్తుంది కనుక, ఈ జాడ్యం దానంతటదే పెరుగుతుంది. మనసును బాధించే పేజీలను మ్యూట్ చేస్తే అవతలివారికి తెలియదు, అనుసరణా కొనసాగుతుంది. లైకుల సంఖ్యను దాచే వీలు కూడా 2021 నుంచి ఉంది. నేను పదకొండు పేజీలను మ్యూట్ చేశాను. ఒక్క ఆవిడ పేజీని మాత్రం ఉంచుకున్నాను, బంతిపువ్వును ముద్దగా కాకుండా రెక్కలుగా విడదీసి ఆరబెట్టడం ఆవిడ వీడియోలోనే నేర్చుకున్నాను.