తుఫాను రోజు దెయ్యాల మేడలో హత్య: ఇంట్లో ఆట ఆడించడం ఎలా

మొదటిసారి నేను ఈ ఆట ఆడించినప్పుడు నాలుగు గంటలు గడిచినా హంతకుడు దొరకలేదు. దొరక్కుండా చేసింది నేనే. అసలైన క్లూ ఒక్కటే పెట్టి, దాన్ని పెరటి నూతిలో పడేశాను. ఆరుగురిలో ఒక్కరూ నూతివైపు వెళ్లలేదు. రాత్రి పదకొండున్నరకి నేనే నోరు విప్పి చెప్పాల్సొచ్చింది. "ఏటి మావయ్యా, నూతిలో ఉందని మాకెలా తెలుస్తాది?" అంది మా అప్ప కూతురు. ప్లేట్లు తీసుకుని అందరూ లేచిపోయారు.

నేను షిప్‌యార్డులో డ్రాయింగులు గీసే మనిషిని. తప్పు గీస్తే రబ్బరుతో చెరిపి మళ్లీ గీయడం నా వృత్తి. ఆ తర్వాత విశాఖ అక్కయ్యపాలెంలో మా అప్ప వాళ్లింట్లో ఏడుసార్లు ఆడించాను. చెరిపి గీసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఆట సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఆరుగురు ఆరు పాత్రలు వేస్తారు. ఏడోవాళ్లు కథ నడిపిస్తారు. వాళ్లని గేమ్ మాస్టర్ అంటారు. నాటకంలా రాసిన డైలాగులు ఉండవు. "నేను మేడ మీదికెళ్లి అల్మరా తెరుస్తాను" అని మీరంటే, అల్మరాలో ఏముందో నేను చెబుతాను. మిగతాదంతా మీ నోటి మాట. ఈ తరహా ఆటలు 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో జనంలోకి వచ్చాయి. అక్కడ కత్తులు, రాక్షసులు. మనకి ఒక బంగళా, ఒక శవం చాలు.

ఆటకి వారం ముందు ఒక తెల్లకాగితం తీసుకుని పైన "జరిగింది" అని రాయండి. ఎవరు, ఎవర్ని, ఎందుకు, ఎన్ని గంటలకి, ఏ దారిన వెళ్లి చంపారో గంటల లెక్కన అంతా రాసేయండి. ఆట మొదలయ్యాక ఆ కాగితంలో అక్షరం మార్చకూడదు. ఆడేవాళ్లు బాగా తెలివిగా ఊహిస్తే, కథ ఆ వైపు తిప్పేద్దామా అని చేతులు దురద పెడతాయి. తిప్పకండి. ఒక్కసారి తిప్పితే అంతకుముందు ఇచ్చిన క్లూలన్నీ అబద్ధాలైపోతాయి, వాళ్లు పసిగట్టేస్తారు.

ఇక వాళ్లని లోపల బంధించాలి. మనవాళ్లు ఎవరైనా శవం చూడగానే అనే మొదటి మాట "పోలీసులకి ఫోన్ చేద్దాం", రెండోది "పదండి, బయటికి పోదాం". ఈ రెండింటికీ గట్టి జవాబు లేకపోతే ఆట పదో నిమిషంలో అయిపోతుంది. దెయ్యం తలుపేసిందని చెబితే సరిపోతుంది అనుకున్నాను ఒకసారి. మా బావ నలభై నిమిషాలు రోకలిబండతో ఆ తలుపు పగలగొడుతూ కూర్చున్నాడు. హత్య సంగతి ఎవరికీ పట్టలేదు.

విశాఖ వాళ్లకి దెయ్యం అక్కర్లేని తాళం ఒకటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. గంటకి 180 కిలోమీటర్లకి పైబడిన గాలి. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, చెట్లు రోడ్లకి అడ్డంగా పడున్నాయి. ఆ రోజు అని ఒక్క మాటంటే చాలు, "ఎందుకు బయటికి పోలేం" అని ఎవరూ అడగరు. పైగా ఎవరి జ్ఞాపకం వాళ్లు తెచ్చి ఆటలో పోస్తారు. మా అప్ప అయితే నీళ్ల ట్యాంకు ఎగిరిపోయిన కథ ఆటలోనూ చెప్పింది. ఒక్క జాగ్రత్త. ఆ తుఫానులో ఇల్లో మనిషో పోయినవాళ్లు మీ బల్ల దగ్గర ఉండొచ్చు. ముందే పక్కకి పిలిచి అడగండి. వద్దంటే అరకు ఘాట్‌లో కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయిందనండి, పని జరిగిపోతుంది.

తర్వాత ఇల్లు. క్లూడో అనే బోర్డు ఆట చాలామంది ఆడే ఉంటారు, 1949లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చింది. ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు. గుణిస్తే 324 రకాల హత్యలు. మన ఆటలో హత్య ఒక్కటే, కాబట్టి అన్ని గదులు అక్కర్లేదు. ఏడు చాలు: వరండా, హాలు, ఇంటి యజమాని పెద్దాయన గది, వంటిల్లు, కొట్టుగది, మేడ మీద కుట్టుమిషను గది, డాబా. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక పాత బంగళా అని నేనే కల్పించాను. ప్లాను గీసి బల్ల మధ్యలో పెట్టండి. దిక్కులు వేయడం మరిచిపోవద్దు. నా ప్లాను చూసి మా అప్ప, "ఈశాన్యంలో మరుగుదొడ్డి పెట్టావేంట్రా, చావక ఏం చేస్తారు?" అంది. మార్చాను.

ఆవిడ వాస్తు పిచ్చే నాకు అసలైన క్లూ ఇచ్చింది. ఇంటి యజమాని గది నైరుతిలో ఉండాలంది, అక్కడే పెట్టాను. ఇప్పుడు గాలి సంగతి చూడండి. మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుదిశలో సుడి తిరుగుతుంది. సముద్రం మీంచి వాయవ్యం వైపు నడుస్తూ ఊరి నెత్తి మీదుగా పోతే, ముందు ఈశాన్యం నుంచి కొడుతుంది. సుడి మధ్యభాగం, అంటే కన్ను, పైకి వచ్చినప్పుడు కాసేపు గాలి పడిపోతుంది. కన్ను దాటగానే నైరుతి నుంచి, అంటే సరిగ్గా ఎదురువైపు నుంచి మళ్లీ కొడుతుంది. కాబట్టి మా బంగళాలో మొదటి గాలికి ఈశాన్యం కిటికీలు పోతాయి, రెండో గాలికి నైరుతివి. కిటికీలే గడియారాలు అన్నమాట.

పెద్దాయన శవం సాయంత్రం నాలుగింటికి నైరుతి గదిలో మంచం మీద దొరుకుతుంది. వానకి ఉబ్బిన తలుపు విరగ్గొట్టి లోపలికెళ్తారు. ఒంటి మీద గాయం లేదు. కిటికీ అద్దాలు పగిలి గదంతా పెంకులు. గుండెపోటేమో అనుకుంటారు. ఒకసారి ప్లీడరు పాత్ర వేసిన కుర్రాడు నన్ను అడిగాడు:

"పెంకులు ఆయన కింద ఉన్నాయా, పైన ఉన్నాయా?"

"వీపు కింద ఒక్కటీ లేదు. గుండెల మీద, కళ్లజోడు మీద, చొక్కా జేబులో ఉన్నాయి. తెరిచి ఉన్న అరచేతిలో చిన్న పెంకు ఒకటుంది."

"చేతికి రక్తం?"

"లేదు."

కుర్రాడు కాసేపు ప్లాను కేసి చూశాడు. "బతికున్న మనిషి మీద అద్దం పగిలిపడితే లేచి దులుపుకోడా? రెండో గాలి రాకముందే పోయాడు. మరి రెండో గాలిలో ఆయనకి మాత్ర ఇచ్చానని చెప్పినవాళ్లెవరు?" అన్నాడు. బల్ల చుట్టూ తలలన్నీ ఒక వైపు తిరిగాయి. ఆ తల ఎవరిదో రాయను, వచ్చే నెల కొత్త బ్యాచ్ ఆడాలి.

ఆ కుర్రాడు అడక్కపోయి ఉంటే? అందుకే అదే నిజానికి ఇంకో రెండు దారులు పెట్టాను. గాలి పడిపోయిన అరగంటలో వంటమనిషి టీ తీసుకెళ్లి తలుపు కొట్టింది, పలకలేదు, గ్లాసు గుమ్మం పక్కన పెట్టి వచ్చేసింది. అది కొట్టుకుపోకుండా చెంబు అడ్డం పెట్టింది కాబట్టి ఇంకా అక్కడే ఉంది. మూడోది, ఫొటోగ్రాఫరు అదే అరగంటలో పెరట్లో పడిన వేపచెట్టుని ఫొటో తీశాడు. ఫొటో మూల నైరుతి కిటికీ కనిపిస్తుంది, అద్దాలు బాగానే ఉన్నాయి. ప్రతి ముఖ్యమైన నిజానికి ఇలా మూడు దారులు ఉండాలి: ఒకటి వస్తువులో, ఒకటి మనిషి నోట్లో, ఒకటి వేరే చోట. మీరు పెట్టిన మూడింటిలో రెండు వాళ్లు చూడనే చూడరు, అది ఖాయం. చూస్తానన్నవాళ్లకి క్లూ ఇచ్చేయండి, దానికి పాచికలు వేయించొద్దు. పాచికలు డాబా మీంచి దూకడానికి, చీకట్లో జారకుండా మెట్లు దిగడానికి. లూడో డబ్బాలోవి రెండు చాలు. మొత్తం ఏడు లేదా పైన పడితే పని అయినట్టు. 36 సార్లలో 21 సార్లు పడుతుంది, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. ఆ కాస్త అనుమానమే కావాలి మనకి.

పాత్రల చీటీలు పెద్దగా రాయకండి. ఒక్కో చీటీలో నాలుగు వాక్యాలు: మీరెవరు, ఈ ఇంట్లో మీకేం కావాలి, మీరు చూసింది ఒకటి, మీరు దాస్తున్నది ఒకటి. దాస్తున్నది హత్యకి సంబంధం లేనిదై ఉండాలి. మేనకోడలు వీలునామా దొంగచాటుగా చదివింది. ప్లీడరు పెద్దాయన దగ్గర అప్పు తీసుకున్నాడు. ఇలా అందరికీ ఏదో ఒక తప్పు ఉంటేనే అందరూ తడబడతారు, హంతకుడు ఆ తడబాటులో కలిసిపోతాడు. హంతకుడికి మాత్రం రెండు రహస్యాలివ్వండి. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

దెయ్యం దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. తెల్లచీర, గజ్జెల చప్పుడు అంటే మా ఇంట్లో పిల్లలు నవ్వేస్తారు. మా మేడ మీద దెయ్యం కనబడదు, కుట్టుమిషను తొక్కుతుంది, అంతే. ఎవరో ఒకప్పుడు అక్కడ కూర్చుని కుట్టేవారు, ఎవరికీ పూర్తిగా తెలియదు. మా అమ్మ మిషను చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్ పక్కగదిలో పెట్టి, ఎవరైనా ఒంటరిగా మేడెక్కినప్పుడు మోగిస్తాను. దానికి మూడు కట్టుబాట్లు: ఒంటరివాళ్లకే వినబడాలి, మాట్లాడకూడదు, చంపకూడదు. దెయ్యమే చంపిందని తేలితే ఆడినవాళ్లు మిమ్మల్ని జన్మలో క్షమించరు. దెయ్యమే హంతకుణ్ని చూపించినా అంతే, వాళ్ల బుర్రకి పనేం మిగిలినట్టు?

మరి దెయ్యం ఎందుకంటే, మనుషుల చేత నిజం కక్కించడానికి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు అనే ఆటలో భయం వేసినప్పుడల్లా పాత్రకి మతి స్థిమితం తగ్గే లెక్క ఒకటుంది. దాన్ని మనకి తగ్గట్టు మార్చి "నిబ్బరం" అని పేరు పెట్టాను. ఒక్కొక్కరికి ఆరు చింతపిక్కలు. మిషను చప్పుడు విన్నా, చీకట్లో ఒక్కరే తిరిగినా, శవాన్ని ముట్టుకున్నా ఒక పిక్క గిన్నెలో వేయాలి. చేతిలో మూడే మిగిలితే, దాస్తున్న విషయంలో సగం ఎవరో ఒకరికి చెవిలో చెప్పాలి. పిక్కలన్నీ అయిపోతే అందరి ముందూ ఒక నిజం చెప్పేయాలి. హంతకుడు మొదట తన రెండో రహస్యాన్ని బయటపెట్టి తప్పించుకుంటాడు. ఇప్పుడు అర్థమైంది కదా? గిన్నెలో పిక్క పడిన టక్ మనే చప్పుడుకి బల్ల చుట్టూ వచ్చే టెన్షన్ ఏ రికార్డింగుకీ రాలేదు.

రెండో హత్య పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ చచ్చిపోయిన ఆటగాణ్ని మూలన కూర్చోబెట్టకండి. కుట్టుమిషను ఫోన్ వాళ్ల చేతికివ్వండి. మా బావకి ఆ ఉద్యోగం ఇచ్చాకే రోకలిబండ బెడద తప్పింది.

ఆడే రోజు లైట్లు ఆర్పి ఒక ఎమర్జెన్సీ లైటు ఉంచండి. కొవ్వొత్తులు అందంగా ఉంటాయి, కాగితాలూ కాలతాయి. పక్కింటివాళ్లకి ముందే చెప్పండి, అరుపులు వినిపిస్తాయి. తినడానికి బీచ్ రోడ్డు నుంచి మురీ మిక్చర్ కట్టించుకొస్తే చాలు, నూనె చేతులతో చీటీలు పాడవవు. మూడు గంటలకి మించనివ్వకండి. మూడో గంట మొదలయ్యేసరికి "తెల్లారిపోతోంది, రోడ్డు మీద చెట్లు కోస్తున్న చప్పుడు వినబడుతోంది" అనండి. బయటివాళ్లు వచ్చేలోపు తేల్చుకోవాలని వాళ్లకే అర్థమైపోతుంది.

చివర్లో వేలు చూపించి అరుచుకోనివ్వకండి. ఒక్కొక్కరూ చీటీ మీద ఎవరు, ఎప్పుడు, ఎలా తెలిసింది అని మూడు ముక్కలు రాసి మడిచి ఇవ్వాలి. "ఎలా తెలిసింది" ఖాళీగా వదిలితే పేరు సరైనదైనా నేను ఒప్పుకోను. చీటీలన్నీ చదివాక "జరిగింది" కాగితం తీసి మొదటినుంచి చదవండి.

ఆ తర్వాత చింతపిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పోయండి. 36 ఉండాలి. మాకు ఎప్పుడూ 36 రాలేదు. నేను వాడినవి వేయించిన పిక్కలు, మా మేనల్లుడు చీకట్లో నమిలేస్తున్నాడు. మీరు పచ్చివి వాడండి.