వీధిలోకి టవరు వస్తోందా? ముందు రోడ్డు కొలవండి

‘అపార్టుమెంటు వస్తే ట్రాఫిక్ పెరిగిపోతుంది, అనుమతి ఇవ్వవద్దని మనవి’ అని నలభై సంతకాలతో అర్జీ ఇస్తే, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో దానికి జరిగే మర్యాద ఒక్కటే. ‘నిబంధనల మేరకు పరిశీలించబడును’ అని రాసి ఫైల్లో కుట్టేస్తారు. వాళ్లను అనీ లాభం లేదు, ఆ మాట ఒక్కదాన్ని పట్టుకుని ప్లాను తిప్పిపంపడానికి వాళ్లకూ ఆధారం దొరకదు. అదే అర్జీలో ‘సైటు ముందు 12 మీటర్లున్న రోడ్డు, మెయిన్ రోడ్డు వైపు 110 మీటర్లు నడిస్తే రెండు కరెంటు స్తంభాల మధ్య 6.5 మీటర్లే ఉంది, టేపు పెట్టి తీసిన ఫొటో జత చేశాం’ అని రాస్తే ఎవరో ఒకరు వచ్చి కొలవక తప్పదు.

విజయనగరమైనా శ్రీకాకుళమైనా పద్ధతి ఇదే. కావలసినవి 30 మీటర్ల ఫైబర్ టేపు, గళ్లు గీసిన కాగితాలు, ఆరుగురు మనుషులు, పది రోజుల ఓపిక. లాయరు సంగతి తర్వాత.

ఎప్పుడు కదలాలి

పునాది గొయ్యి చూసి కదిలితే ఆలస్యమైనట్టే. మంజూరుకు ముందు చెప్పిన మాటకున్న బరువు, మంజూరయ్యాక చెప్పిన దానికి ఉండదు. పాత పెంకుటిల్లు కూల్చి చుట్టూ రేకులు కట్టారు, మట్టి పరీక్షకు బోరు బండి వచ్చింది, వాట్సాప్‌లో రంగురంగుల బ్రోచర్ తిరుగుతోంది అంటే అప్పుడే వార్డు సచివాలయానికి వెళ్లి ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. అడిగేటప్పుడు ‘ఆ మూల సైటు’ అనకండి. సర్వే నంబరు, పక్కింటి డోర్ నంబరు చెప్పండి. భవన అనుమతుల దరఖాస్తులు ఏపీ డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నడుస్తాయి, ఫైలు ఏ దశలో ఉందో అక్కడ తెలుస్తుంది. ఎత్తును, విస్తీర్ణాన్ని బట్టి ఫైలు కార్పొరేషన్ దాటి పైకి వెళ్లొచ్చు. ఎవరి బల్ల మీద ఉందో తెలియకుండా రాసిన అర్జీ బల్ల బల్లకూ తిరుగుతుంది.

ఇంత పెద్ద ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేకుండా ఫ్లాట్ల ప్రకటనలు వేయడం 2016 నాటి చట్టం 3వ సెక్షన్‌కు విరుద్ధం. రిజిస్ట్రేషన్ అయ్యాక ఫ్లాట్ల సంఖ్య, మంజూరైన ప్లాను రెరా వెబ్‌సైట్‌లో చూడొచ్చు. బ్రోచర్‌లోని ఫ్లాట్ల సంఖ్యకూ అక్కడి సంఖ్యకూ తేడా ఉంటే ఆ రెండు పేజీలూ ప్రింటు తీసి దాచండి.

సమాచార హక్కు దరఖాస్తు

కార్పొరేషన్‌కు పెట్టే దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘ఎందుకు అనుమతి ఇస్తున్నారు?’ అని అడిగితే జవాబు రాదు. ఈ చట్టం కింద ఇచ్చేది ఉన్న రికార్డే, కారణాలు కాదు. కాబట్టి కాగితాల పేర్లతో అడగండి: సైట్ ప్లాను, అందులో చూపిన రోడ్డు వెడల్పు, మాస్టర్ ప్లానులో ఆ రోడ్డుకు ప్రతిపాదించిన వెడల్పు, విస్తరణకు బిల్డరు వదిలే స్థలం, క్షేత్ర పరిశీలన నివేదిక, అగ్నిమాపక శాఖ ఇచ్చిన ఎన్ఓసీ.

ఇక్కడ సాధారణంగా తగిలే రాయి 11వ సెక్షన్. ‘ఇది మూడో వ్యక్తి సమాచారం’ అని బిల్డరుకు నోటీసు ఇస్తారు, గడువు 40 రోజులవుతుంది. దాన్ని తిరస్కరణ అనుకుని వదిలేయకండి. బిల్డరు అభ్యంతరం చెప్పినంత మాత్రాన ఇవ్వకూడదని లేదు. ప్లాను నకలు ఇవ్వలేమంటే, ఫ్లాట్ల లోపలి గదుల నక్షా మాకొద్దు, సైట్ ప్లాను భాగం చాలు అని 10వ సెక్షన్ కింద అడగండి. ఫైలు కళ్లతో చూసే హక్కు కూడా ఉంది, మొదటి గంటకు రుసుము లేదు. ఇవ్వకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఈ కాగితం కోసం ఎదురుచూస్తూ కొలతలు ఆపొద్దు, రెండూ జంటగా సాగాలి.

రోడ్డు కొలత

రాష్ట్ర భవన నిబంధనలు 2017 నాటివి, జీవో 119. ఎత్తు పెరిగే కొద్దీ ముందు ఉండాల్సిన రోడ్డు వెడల్పూ, చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతూ పోయే పట్టిక అందులో ఉంటుంది. దానికి సవరణలు వస్తూ ఉంటాయి, అందుకని ఎవరో పంపిన పాత పీడీఎఫ్‌ను నమ్మొద్దు. దరఖాస్తు తేదీకి అమల్లో ఉన్న పట్టిక కావాలని అడిగి తీసుకోండి. జాతీయ భవన నియమావళి 2016 లెక్కలో 15 మీటర్లు, ఆ పైన ఉన్నది ఎత్తైన భవనం. దాని ముందు రోడ్డు 12 మీటర్లకు, ఫైరింజన్ వెళ్లే గేటు 6 మీటర్లకు తగ్గకూడదు.

పట్టిక చూసేది సైటును ఆనుకున్న రోడ్డు. తిరకాసంతా అక్కడే. మాస్టర్ ప్లానులో 18 మీటర్ల రోడ్డు, నేల మీద 10 ఉంటే బిల్డరు తన సైటు వెంట కొంత వదిలి గోడ వెనక్కి జరుపుతాడు. తన ముందు రోడ్డు విశాలమవుతుంది, అటూ ఇటూ మళ్లీ పాత గొర్జే. ఆ విశాలమైన ముక్కలో నెల తిరగకుండా పానీపూరీ బండి, నాలుగు ట్యాక్సీలు చేరతాయి. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల పాత వీధుల్లో ఇలాంటి ఇరుకులు ఎన్నో. వాటిని కాగితం మీదికి మీరు ఎక్కిస్తే తప్ప ఎక్కవు.

సైటు దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా మెయిన్ రోడ్డు కలిసే దాకా వెళ్లండి. ప్రతి 30 మీటర్లకు ఒకసారి, అది కాక ఇరుకైన ప్రతిచోటా కొలవాలి. ఒక్కో చోట మూడు అంకెలు రాయాలి: గోడ నుంచి గోడ, కాలువ అంచు నుంచి కాలువ అంచు, బండి నిజంగా నడిచే తారు లేదా సిమెంటు. మొదటి అంకె ఆఫీసువాళ్లది, మూడోది మీది. రెండింటినీ కలిపేసి తక్కువ అంకె ఒక్కటే రాస్తే, వాళ్లు వచ్చి కొలిచిన రోజున మీ అర్జీ మొత్తం అబద్ధమైపోతుంది.

టేపు రోడ్డుకు అడ్డంగా, సరిగ్గా లంబంగా పడాలి, కొంచెం ఏటవాలైనా అంకె పెరుగుతుంది. ఒక కొస గోడకు ఆనించి పట్టుకుని, రెండో కొసను ఎదుటి గోడ వెంట అటూ ఇటూ జరపండి, అన్నిటికంటే తక్కువగా వచ్చిన అంకే అసలు వెడల్పు. టేపు మధ్యలో వేలాడకుండా లాగి పట్టాలి. చోటు గుర్తుకు పక్కనున్న కరెంటు స్తంభం నంబరు రాయండి. అడుగుల్లో కాదు, మీటర్లలో రాయండి. ఫొటోలో టేపు, దాని మీది అంకె, స్తంభం మూడూ కనబడాలి. మలుపు దగ్గర మూల కోత (బండి తిరగడానికి మూలను ఏటవాలుగా కోసి వదిలిన జాగా) ఎంత ఉందో, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె రోడ్డులోకి ఎంత వచ్చిందో వేరుగా రాయండి. ఫైరింజన్ ఇరుక్కునేది తిన్నని రోడ్డులో కాదు, అక్కడే.

ఇంకో మాట, చేదుగా ఉన్నా చెప్పాలి. కొలతకు ముందు మీ వీధివాళ్ల ర్యాంపులు, కాలువ మీది అరుగులు, రాత్రిళ్లు రోడ్డు మీద పెట్టే కార్ల సంగతి చూసుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట కొట్టేది వాటినే. బిల్డరు ఫొటోలు తీసేదీ వాటినే.

వాహనాల లెక్క

మంగళ, బుధ, గురువారాల్లో రెండు రోజులు, ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8. బడి సెలవులు, సంక్రాంతి, పెద్ద ముహూర్తాలు వద్దు. విజయనగరంలో సిరిమానోత్సవం వారం, శ్రీకాకుళంలో రథసప్తమి వారం అసలే వద్దు. పండగ రోజు లెక్క చూపిస్తే అది పండగ లెక్కేనంటారు, నిజమే కదా. ఒక్కో దిశకు ఇద్దరు, పావుగంటకో గడి. వరసగా నాలుగు గడుల మొత్తం ఎక్కడ ఎక్కువగా ఉందో అది మీ రద్దీ గంట.

తర్వాత ప్రతి బండినీ కారుకు సమానంగా మార్చాలి. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 106 (1990) పట్టిక ఉంది. అందులో ఒక్కో రకం బండికి రెండు విలువలుంటాయి. మొత్తంలో ఆ రకం వాటా 5 శాతం దగ్గరుంటే ఒకటి, 10 శాతం, ఆ పైన ఉంటే ఇంకొకటి. బైకుకు 0.5, 0.75. ఆటోకు 1.2, 2.0. కారుకు ఎప్పుడూ 1. చిన్న గూడ్సు బండికి 1.4, 2.0. బస్సు, లారీకి 2.2, 3.7. సైకిలుకు 0.4, 0.5. ఇసుక ట్రాక్టరు ఒక్కటి కనీసం 4 కార్లతో సమానం.

ఒక ఊహా లెక్క చూడండి. గంటలో 620 బైకులు, 140 ఆటోలు, 90 కార్లు, 20 చిన్న గూడ్సు బండ్లు, 10 బస్సులు, 20 సైకిళ్లు, మొత్తం 900. బైకుల వాటా 69 శాతం కాబట్టి 620 × 0.75 = 465. ఆటోల వాటా 15 శాతం దాటింది కాబట్టి 140 × 2.0 = 280. కార్లు 90. మిగతావి తక్కువ వాటావి: 28, 22, 8. అన్నీ కలిపితే 893. ఇరువైపులా రాకపోకలుండే రెండు వరుసల కలెక్టర్ వీధికి (చిన్న వీధుల బండ్లను పెద్ద రోడ్డుకు చేర్చే వీధికి) అదే ఐఆర్‌సీ 106 ఇచ్చే అంకె గంటకు 900 కారు సమాన యూనిట్లు. రోడ్డు పక్క బండ్లు ఆగడం, ఇళ్ల నుంచి నేరుగా రోడ్డెక్కడం లెక్కలోకి తీసుకునే ఆ అంకె పెట్టారు. కనుక దాన్నుంచి ఇంకా తగ్గించబోకండి.

చాలామంది ఆటోకు 1.2 వేస్తారు. అప్పుడు 893 కాస్తా 781 అవుతుంది, వాదన జారిపోతుంది. అందుకని విలువ పక్కన వాటా శాతం కూడా రాయండి.

టవరు వల్ల కొత్తగా ఎన్ని బండ్లు వస్తాయన్నదానికి ఎక్కడో మహానగరపు అంకె తేకండి. మీ ఊళ్లోనే అదే తరహా అపార్టుమెంటు గేటు దగ్గర అదే గంటలో నిలబడి లెక్కపెట్టండి. 60 ఫ్లాట్ల గేటులో 48 బైకులు, 18 కార్లు తిరిగాయనుకుందాం. 120 ఫ్లాట్లకు 96 బైకులు, 36 కార్లు, అంటే 72 + 36 = 108. మొత్తం 1,001. గీత దాటింది.

ఇక్కడ నోరు జారొద్దు. 900 అంటే రోడ్డు మోయగల గరిష్ఠం కాదు, సాఫీగా సాగడానికి పెట్టుకున్న డిజైను స్థాయి, గరిష్ఠంలో 70 శాతం. ‘రోడ్డు స్తంభించిపోతుంది’ అని రాస్తే బిల్డరు కన్సల్టెంటు ఈ ఒక్క ముక్కతో మిమ్మల్ని కూర్చోబెడతాడు. ‘డిజైను స్థాయి దాటుతుంది’ అని రాయండి, చాలు. మీ రోడ్డు నిజంగా రెండు వరుసలకు, అంటే కనీసం 7 మీటర్ల తారుకు, సరిపోకపోతే 900 కూడా దానికి ఎక్కువే. ఆ మాట కొలతల పట్టిక పక్కనే పెట్టండి.

అర్జీ

రెండు పేజీలు మించొద్దు. కమిషనర్ పేర, టౌన్ ప్లానింగ్‌కు నకలు. మొదటి పేరా ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఫలానా సర్వే నంబరులో ప్రతిపాదించిన నివాస భవనానికి దారి ఫలానా రోడ్డు. ఆ రోడ్డు వెడల్పు స్తంభం నంబరు ఫలానా వద్ద 6.5 మీటర్లు. రద్దీ గంటలో రాకపోకలు 893 కారు సమాన యూనిట్లు. పట్టికలు, ఫొటోలు జతపరిచాం. ఉమ్మడి కొలతకు తేదీ ఇవ్వగలరు.’

సంతకాలు ఇంటికొకటి, డోర్ నంబరుతో. ఒకే ఇంటి నుంచి ఆరు సంతకాలుంటే మిగతావాటి మీదా అనుమానం వస్తుంది. ఫోన్, ఆధార్ నంబర్లు రాయించొద్దు, ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో చెప్పలేం. వెలుతురు పోతుంది, పైనుంచి మా డాబా కనిపిస్తుంది, బోర్లు ఎండిపోతాయి వంటివన్నీ ఇందులో కలపకండి. ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకున్న నకలు చేతికి రానిదే ఆఫీసు మెట్లు దిగొద్దు. స్పీడ్ పోస్టులో ఇంకో ప్రతి పంపండి.

అగ్నిమాపక అధికారికి విడిగా ఉత్తరం రాయండి, ఇరుకు కొలతలు, మలుపు ఫొటోలతో. ఫైరింజన్ దారి చూడడం వాళ్ల పనే. ఈ ఉత్తరానికున్న పదును ట్రాఫిక్ లెక్కకు కూడా ఉండదు. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇన్‌వర్డ్ నంబరు చూపించి అర్జీ వేయండి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటే ప్రాజెక్టుకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. దానికి ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని ఎదురుచూడొద్దు, ఈ తరగతికి అది ఉండదు. అనుమతి వచ్చేస్తే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచిలో అప్పీలుకు గడువు 30 రోజులు.

ఏం అడగాలి

నిబంధనలన్నీ సరిపోయిన ప్లానును వీధి కోపం ఆపలేదు. అందుకని ‘వద్దు’ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, దాని వెనుక వరసగా కోరికలుండాలి. గేటు వెడల్పైన రోడ్డు వైపు పెట్టడం. గేటును సరిహద్దు నుంచి లోపలికి జరిపి, కనీసం రెండు కార్లు రోడ్డెక్కకుండా ఆగే చోటు వదలడం. అతిథుల కార్లకు, బడి వ్యాన్లకు, నీళ్ల ట్యాంకర్లకు లోపలే జాగా. మూల కోత. నిర్మాణం సాగే రోజుల్లో బడి వేళల్లో లారీలు, కాంక్రీటు మిక్సర్లు రాకుండా షరతు. ఇవి నోటిమాటగా ఒప్పుకుంటే ఒప్పుకోనట్టే, మంజూరు ఉత్తర్వులో షరతులుగా రావాలి.

లారీలకు అడ్డంగా కూర్చోవడం, బిల్డరుతో ‘విషయం మాట్లాడి సెటిల్ చేస్తాం’ అనేవాళ్లను మధ్యలో పెట్టుకోవడం, ఈ రెండూ ఉద్యమాన్ని కేసుల్లోకీ డబ్బు వసూలు ఆరోపణల్లోకీ దింపుతాయి. బిల్డరు మనుషులు మాట్లాడతామంటే కనీసం నలుగురు వెళ్లండి, మాట్లాడింది అదే రోజు కాగితం మీద పెట్టి వాళ్లకే పంపండి.

అభ్యంతరాలను చూడకుండానే మంజూరు చేస్తే హైకోర్టులో రిట్ ఉంది. మూడు అంతస్తులు లేచాక వెళ్తే మొదట ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అని అడుగుతారు. మంజూరు ఉత్తర్వు నకలు చేతికొచ్చిన వారంలోనే ఇన్‌వర్డ్ ముద్రలున్న కాగితాలు తేదీల వరసన పేర్చి లాయరుకు ఇవ్వండి.

షరతులతో మంజూరైతే ఆ ఉత్తర్వు నకలు వీధిలో ఒకరి దగ్గర భద్రంగా ఉండాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో చేరడానికి ఇచ్చే అనుమతి పత్రం) ఇచ్చే ముందు మరోసారి అదే టేపుతో గేటు ఎక్కడ పెట్టారో, గోడ ఎంత వెనక్కి జరిపారో, సెల్లార్‌లో పార్కింగ్ గీతలున్నాయో గోదాము గదులు లేచాయో చూసి, ఫొటోలతో రెండో అర్జీ వేసి, దాని మీదా ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.